బుల్లి బీరువా మీద నల్ల గుర్తు

ఎల్డన్ వార్నీ కథ మొదలుపెడితే మధ్యలో ఆపడం మా ఊళ్లో ఇంతవరకూ ఎవరి వల్లా కాలేదు. ముప్పయ్యేళ్లపాటు చలికాలమంతా ఇంటింటికీ తిరిగి హీటింగ్ ఆయిల్ పోసే ట్యాంకర్ నడిపాడు. గొట్టం తగిలించి ట్యాంకు నిండేదాకా ఇంటివాళ్లకి కథ చెప్పేవాడు. కొందరు చలి లేకపోయినా కథ కోసమే ఆయిల్ పోయించుకున్నారని అంటారు. అనేది కూడా అతనే.

అతనూ ఉన్న మా క్లబ్బులో మేం చేసేవి బుల్లి సామాన్లు. రెండు మూడొందల ఏళ్ల కిందటి కుర్చీలు, బల్లలు, బీరువాలు, అడుగుకి అంగుళం లెక్కన కుదించి, అదే చెక్కతో, అవే అతుకులతో చేస్తాం. అసలువేమో మ్యూజియాల్లో తాడు కట్టి అవతల పెడతారు, వెనక్కెళ్లి చూడనివ్వరు. అందుకని మాకు పుస్తకాలే దిక్కు. పెర్ల్ పాత వేలంపాటల కేటలాగులు పోగేస్తుంది. నేను పాత మనుషుల చిత్రపటాలు ముద్రించిన పుస్తకాలు చూసి కుర్చీలు చేస్తాను. అందులో చిక్కేమిటంటే కుర్చీలో ఎవరో ఒకావిడ గౌను పరుచుకుని కూర్చునే ఉంటుంది. గౌను కింద ఏముందో నేనే ఊహించుకోవాలి. ఒకసారి అసలు కుర్చీ చూసే యోగం కలిగింది, నేను ఊహించిన నాలుగు కాళ్లలో ఒక్కటీ కలవలేదు.

అందరికంటే మంచి పుస్తకం మా క్లబ్బులోని హెస్టర్ దగ్గర ఉండేది. నీలం గుడ్డ అట్ట, అంచులు చిరిగిపోయాయి. వెనకటికెవరో ఒకాయన మా ఊరి నది పొడుగునా ఇల్లిల్లూ తిరిగి, ఉన్న ప్రతి బీరువానీ బల్లనీ కొలిచి, సరిగ్గా మా లెక్కకే, అడుగుకి అంగుళంగా బొమ్మలు గీశాడు. బొమ్మ మీద చెక్క పెట్టి కోసేసుకోవచ్చు. ఇప్పుడది ఎక్కడా దొరకదు. మా లైబ్రరీలో ఒకటుండేది గానీ పైకప్పు కారి ఉబ్బిపోయింది.

హెస్టర్ కిందటి అక్టోబర్‌లో పోయింది. ఆమె పుస్తకాల అర ముందు నుంచి నడవడం కష్టంగా ఉందని రాయ్స్, అంటే ఆమె మొగుడు, వాటన్నిటినీ అట్టపెట్టెల్లో సర్దేశాడు. పాత పుస్తకాలు కొనే ఆయన్ని ఈ జూన్‌లో ఒక శనివారం మధ్యాహ్నం వచ్చి తీసుకుపొమ్మన్నాడు. "ఈలోపల మీకేం కావాలో అడిగి తీసుకోండి," అని మమ్మల్ని కాస్త ముందుగా పిలిచి చెప్పి, తన వరండాలో కాఫీ కూజా, డోనట్ల పళ్లెం పెట్టి, ఒక మూల కుర్చీలో తలొంచుకుని కూర్చున్నాడు. పెర్ల్ అడిగింది. నేనూ అడిగాను. ఎల్డన్ మాత్రం అడగలేదు.

అతనికి నీలం అట్ట పుస్తకం కావాలి. వచ్చీ రాగానే కుర్చీని ఆ పుస్తకమున్న పెట్టె పక్కకి జరుపుకున్నాడు, చెయ్యి మూత మీద వేసుకున్నాడు. కానీ ఏళ్ల తరబడి "పుస్తకం చూసి చేసేవాడు పనివాడు కాదు, నకలు రాసేవాడు" అని మమ్మల్ని దెప్పిన మనిషి, ఏ మొహం పెట్టుకుని అడుగుతాడు? అందుకని కోటు జేబులోంచి ఉన్ని మేజోడు తీశాడు. అందులోంచి ఒక బుల్లి సొరుగుల బీరువా తీసి బల్ల మీద పెట్టాడు. జానెడు ఎత్తు కూడా లేదు. కింద వంపు కాళ్లు, పైన విరిగిన నెలవంకలాంటి శిఖరం, మధ్యలో వరసగా సొరుగులు. నిజం చెప్పాలి, మా అందరి పనిలోకీ అదే గొప్పది.

"నేను గొప్పలు చెప్పుకునే రకం కాదని మీకు తెలుసు," అన్నాడు.

పెర్ల్ దగ్గింది.

"దగ్గు తగ్గనీ, చెప్తా. తగ్గిందా తల్లీ? సరే. ఇది పెద్ద చెప్పుకోవాల్సిన విషయమేం కాదు. అసలు బీరువాని ఒక్కసారి చూశాను, గుర్తుపెట్టుకున్నాను, ఇంటికొచ్చి చేశాను. అంతే. పుస్తకం గిస్తకం లేదు."

"ఎక్కడ చూశావు?" అన్నాను నేను. ఎవరో ఒకరం అడగాలి కదా.

"అడిగావు కాబట్టి చెప్తున్నా, లేకపోతే చెప్పేవాణ్ణి కాదు. నది ఎగువన ఫార్నమ్ మామ్మ ఇల్లు తెలుసుగా, ఎవర్నీ గడప తొక్కనివ్వదు, సొంత చెల్లెల్ని కూడా కిటికీలోంచే పలకరిస్తుంది. ఆ ఇంటికి జనవరిలో ఆయిల్ తీసుకెళ్లా. ఎంత చలంటే ట్యాంకర్‌లో ఆయిల్ పాకం పట్టేసింది. పొద్దున గొట్టం తగిలిస్తే మధ్యాహ్నానికి మొదటి చుక్క పడింది. నేను మంచులో నిలబడే ఉన్నా. ఆవిడ కిటికీలోంచి చూసి చూసి, ఈ మనిషి ఇక్కడే పోతే పూడ్చడానికి నేల కూడా గడ్డకట్టింది కదా అనుకుని లోపలికి రమ్మంది. లోపలికెళ్లా. హాల్లో నిలబడుంది, ఇదే. అంటే దీనికి పన్నెండింతలు. ఒక్క చూపు చూశా. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"టేపు తీశావు," అంది పెర్ల్.

"టేపు నీకు కావాలి. నా కన్నే టేపు. ఆవిడ నన్ను అనుమానంగా చూసి, అంత తేరిపార చూస్తున్నావు, కింది సొరుగు లోతెంతో చెప్పు చూద్దాం అంది. చెప్పా. స్కేలు తెచ్చి కొలిచింది. వెంట్రుకవాసి తేడా వచ్చింది. నాకు తల తీసేసినట్టయింది. నా కన్ను తప్పడమేంటి? అప్పుడు తట్టింది. అమ్మా, ఆ స్కేలు చలికి ముడుచుకుపోయింది, పొయ్యి దగ్గర కాసేపు పెట్టి మళ్లీ కొలువు అన్నా. పెట్టింది. కొలిచింది. సరిపోయింది. అప్పట్నుంచి ఆవిడకి నేనంటే గురి."

పెర్ల్ మెడ మీద ఫట్‌మని కొట్టుకుంది. ఆ వరండా దోమతెరకి ఎక్కడో చిరుగుంది, జూన్ నెలలో కుట్టే నల్ల ఈగలకి చిరుగు చూపించక్కర్లేదు. "నువ్వు చెప్పు, నేను వింటూనే కొట్టుకుంటా," అంది.

"చెప్పేదేముంది, మంచు మొదలైంది. మామూలు మంచు కాదు, పొగగొట్టం లోంచి తొంగిచూస్తే తప్ప బయట ఏముందో తెలీదు. ఇక ఎక్కడికి పోతాను? బీరువా దగ్గరే కూర్చున్నా. ముందు నుంచి చూశా, వెనక నుంచి చూశా. పైకెక్కి చూశా. ఇంకా ఏదో తెలియనట్టే ఉంది. ఒక వస్తువుని చెయ్యాలంటే లోపల్నుంచి తెలియాలి, ఇది ఏ పుస్తకంలోనూ రాయరు. మామ్మా, ఏమీ అనుకోకపోతే కింది సొరుగులో కాసేపు పడుకుంటా అన్నా. ఆవిడ అందులోని దుప్పట్లు తీసి పక్కన పెట్టింది, నేను పడుకున్నా, ఆవిడ తోసి మూసింది."

పెర్ల్ అతని పొట్టకేసి చూసింది. "పట్టావా?"

"అప్పట్లో సన్నంగా ఉండేవాణ్ణి. లోపల జాజికాయ వాసన. చీకటి. చేత్తో తడుముతుంటే ఆ పాతకాలం వడ్రంగి చిత్రిక పట్టిన గాట్లు వేళ్లకి తగులుతున్నాయి. ఎడమచేతి వాటం మనిషి. కుడి మోకాలు నొప్పి ఉండేది, ఆ వైపు గాట్లు పైపైనే ఉన్నాయి. పెళ్లాంతో ఆ వారం మాటల్లేవు."

"అదెలా తెలిసింది?" అన్నాను.

"అతుకులు మరీ బిగుతుగా ఉన్నాయి. ఇంట్లో సుఖంగా ఉన్నవాడు అంత బిగించడు. సరే, కాసేపటికి సొరుగు తెరిచి లేస్తున్నా, లేస్తుంటే నా ముక్కు సరిగ్గా రెండో సొరుగు మూలకి తగిలింది. అక్కడ చూశా." ఎల్డన్ గొంతు తగ్గించి, బుల్లి బీరువాని మావైపు తిప్పాడు. "ఇదిగో, ఇది."

ముగ్గురం తలలు దగ్గర పెట్టి చూశాం. రెండో సొరుగు ఎడమ మూల, తాళం రంధ్రానికి కొంచెం పైన, చెర్రీ చెక్కలో నల్లటి ఎబొనీ చెక్కతో పొదిగిన ఒక గుర్తు. మధ్యలో ఒక బొట్టు, దాని చుట్టూ ఐదు గీతలు, అందులో రెండు మధ్యలో వంగి ఉన్నాయి. గీతలు కనురెప్ప వెంట్రుకంత సన్నం. దాన్ని చెక్కలోకి ఎలా దించాడో నాకు అర్థం కాలేదు, ఇప్పటికీ అర్థం కాదు.

"అసలు దాని మీద ఇది నా అరచెయ్యంత ఉంది," అన్నాడు ఎల్డన్. "మామ్మని అడిగా, ఏంటిదని. మా వంశంలో తప్ప బయటికి పొక్కని రహస్యం, ఆ చేసినాయనకి ఐదుగురు పిల్లలు, ఒక్కొక్కరికి ఒక్కో గీత, వంగినవి రెండూ కవలలు అంది. ప్రపంచంలో ఈ గుర్తు చూసింది ఇద్దరమే, ఆవిడా నేనూ."

పెర్ల్ కళ్లజోడు పైకి తోసుకుంది. "ఇదే బీరువా హెస్టర్ నీలం పుస్తకంలో ఉంది కదా? లైబ్రరీ కాపీలో నేను చూశాను, అది తడవకముందు. అందులో ఇలాంటిదేమీ గీయలేదే."

"పుస్తకంలో కూడా ఉందా?" అన్నాడు ఎల్డన్, మూత మీంచి చెయ్యి తీయకుండా. "ఉంటే ఉండొచ్చు, నాకేం తెలుసు. చూశావా మరి, ఆ గీసినాయన కంటికే ఆనలేదు. టేపు పట్టుకున్నవాడు టేపునే చూస్తాడు. అందుకే చెప్తా మీకు."

మూల కుర్చీలో రాయ్స్ తలెత్తాడు. మేమొచ్చినప్పట్నుంచి అతను తలెత్తడం అదే మొదటిసారి.

"ఇక చెయ్యాలి కదా. చేద్దామంటే చెక్క ఏది? మీకు నేను చెప్పక్కర్లేదు, ఎంత బాగా కుదించినా చెక్కలో చార కుదించలేం. బుల్లి బీరువాకి పెద్ద చెట్టు చారలుంటే, పసిపిల్లకి వాళ్ల తాత కోటు తొడిగినట్టుంటుంది. మీరంతా పియర్ చెక్క వాడి సర్దుకుపోతారు. నేను సర్దుకోను. మా తాత ఒక చెర్రీ గింజని రెండు బండల సందులో, ఉత్తరం వైపు, ఎండ తగలనిచోట పాతాడు. నీళ్లు పోయలేదు. పోయకపోగా వారానికోసారి వెళ్లి తిట్టొచ్చేవాడు. ఆయన తర్వాత మా నాన్న తిట్టాడు, మా నాన్న తర్వాత నేను. పాపం ఆ చెట్టు భయానికి ఎదగలేదు. అరవై ఏళ్లకి నా బొటనవేలంత లావయింది. కోస్తే లోపల చారలు సరిగ్గా పన్నెండో వంతు."

"మీ తాతకి తెలుసా నువ్వు బుల్లి బీరువా చేస్తావని?" అంది పెర్ల్.

"మా వంశంలో ముందుచూపు ఉంది. చెక్క దొరికింది, రంపం? అతుకులకి పళ్లు కొయ్యాలి, ఒక్కో పన్ను ఆవగింజలో సగం. అంత సన్నం రంపం ఎవడూ అమ్మడు. చెరువులో పికరెల్ చేపని పట్టా, దాని కింది దవడ తీసి పిడి వేశా, అది కోసినట్టు ఉక్కు కొయ్యదు. జిగురు మా పిల్లి మీసంతో రాశా."

"పిల్లి ఊరుకుందా?"

"మీసం పీకలేదమ్మా, పిల్లినే పట్టుకుని రాశా. దానికీ పని మీద శ్రద్ధ కలిగింది, ఆఖరి సొరుగుకి అదే వచ్చి తల వంచింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? బీరువా అయిపోయింది, కిటికీ గట్టు మీద పెట్టా. ఆ పక్కనే, పెర్ల్, నువ్వు నాకు క్రిస్మస్‌కి ఇచ్చిన బీరువా కూడా పెట్టా. మా ఇంట్లో ఒక చుంచెలుక ఉంది, చలికాలం ఇల్లు వెతుక్కుంటోంది. ముందు నీ దాంట్లోకి వెళ్లింది. సొరుగు లాగింది. అడుగు చెక్క చూసింది. ప్లైవుడ్. ముక్కు చీదుకుని బయటికొచ్చింది. నా దాంట్లో దూరి, పై సొరుగులో ఉన్ని, కింది సొరుగులో గింజలు సర్దుకుంది. ఆదివారంనాడు కాళ్లు తుడుచుకుని ఎక్కేది."

"ఒక్క అడుగు చెక్కే ప్లైవుడ్," అంది పెర్ల్. "అది కూడా అప్పుడే, తొందరలో."

"ఎలుక అంతసేపు విచారించదు కదా. ఆ గొడవ అయ్యాక ఎవరో చెప్పగా దూరం నుంచి ఒక పెద్ద మ్యూజియం వాళ్లొచ్చారు. ఫొటో తీసుకున్నారు. పక్కన అగ్గిపుల్లో అర్ధడాలర్ బిళ్లో పెట్టండయ్యా, సైజు తెలుస్తుంది అని బతిమాలా. వినలేదు. కేటలాగులో పేజీ నిండా వేశారు. అది ఫార్నమ్ మామ్మ చూసింది. చూసి, నా బీరువా దొంగిలించారని పోలీసులకి ఫోన్ చేసింది."

"హాల్లోకి వెళ్లి చూసుకోవచ్చుగా," అన్నాను.

"నా పని చూశాక తన కళ్లని తను నమ్మలేకపోయింది. హాల్లో ఉన్నది నకలు, నా దగ్గరున్నదే అసలు అనుకుంది. పోలీసులు సామాన్లు మోసే లారీ, బెల్టులు, దుప్పట్లు, నలుగురు బలమైనవాళ్లతో మా ఇంటి మీద పడ్డారు. కొట్టం వెతికారు, అటక వెతికారు, పడవ బోర్లా తిప్పి చూశారు. బీరువా వాళ్ల మొహాల ముందే గట్టు మీద ఉంది. అలిసిపోయి ఒకాయన దాని మీదే టోపీ తగిలించాడు. ఆఖరికి నాకే జాలేసి, అదేనండీ అని చూపించా. ఇద్దరు పట్టుకుని దించారు."

"ఒక్కరు సరిపోరూ?"

"అలవాటు. దించాక రెంటినీ పక్కపక్కన పెట్టి తేల్చాలన్నారు, ఫార్నమ్ మామ్మ హాల్లోనే. పెట్టారు. దూరం నుంచి చూస్తే తేడా తెలీదు, దగ్గరికొస్తే ఒకటి దగ్గరగా ఉన్నట్టు, ఒకటి దూరంగా ఉన్నట్టు అనిపిస్తోంది, అంతే. నేను నా దాని కింది సొరుగు లాగి చూపించా. లాగగానే, నా మాట నమ్మండి, పెద్దదాని కింది సొరుగు దానంతటదే తెరుచుకుంది. ఆవిడ పెళ్లయి వచ్చిన దగ్గర్నుంచీ ఆ సొరుగు బిగుసుకుపోయి ఎవరు లాగినా రాలేదు."

"నువ్వు అందులోనే పడుకున్నానన్నావు," అంది పెర్ల్.

ఎల్డన్ ఒక డోనట్ అందుకున్నాడు. "అందుకే బిగుసుకుంది. నా బరువుకి. మధ్యలో ఆపకు. అప్పట్నుంచి ఆ రెంటికీ సంబంధం కుదిరింది. ఇక్కడ దీనికి పాలిష్ పెడితే అక్కడ అది మెరుస్తుంది. దీన్ని ఎండలో పెడితే అక్కడ అది నీడ అడుగుతుంది. మామ్మకి సొరుగు బిగుసుకుంటే నాకు ఫోన్ చేస్తుంది, నేను దీనికి కాస్త మైనం రాస్తా, అక్కడ అది నెయ్యిలా జారుతుంది."

"ఫార్నమ్ మామ్మ పోయి ఆరేళ్లయింది ఎల్డన్."

"అందుకే ఈమధ్య ఫోన్లు తగ్గాయి," అన్నాడు ఎల్డన్, ఏమాత్రం తొణక్కుండా.

నాకు నవ్వాగలేదు. పెర్ల్ కూడా నవ్వింది. ఇంతలో మూల కుర్చీ కిర్రుమంది. రాయ్స్ లేచి బల్ల దగ్గరికి వచ్చాడు.

"ఆ భూతద్దం ఇటివ్వు," అన్నాడు.

నేనిచ్చాను. అతను బుల్లి బీరువా మీదికి వంగి రెండో సొరుగు మూలని చూడటం మొదలుపెట్టాడు. చాలాసేపు చూశాడు. ఎల్డన్ ముందు గర్వంగా కూర్చున్నాడు, తర్వాత కాలు మార్చాడు, తర్వాత మీసం దువ్వుకున్నాడు.

"గీతలెన్ని?" అన్నాడు రాయ్స్, తలెత్తకుండా.

"ఐదు. పిల్లలు ఐదుగురు."

"ఫార్నమ్ మామ్మ చెప్పిందా?"

"స్వయంగా తన నోటితో."

రాయ్స్ భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నాడనుకున్నాను. పెర్ల్ కూడా అలాగే అనుకున్నట్టుంది, చేతిలో డోనట్ పళ్లెంలో పెట్టేసింది. అతను భూతద్దం పక్కన పెట్టి, ఎల్డన్ చెయ్యిని నెమ్మదిగా పెట్టె మూత మీంచి తీసి, లోపల్నుంచి నీలం అట్ట పుస్తకం బయటికి తీశాడు. పేజీలు వెతకలేదు. పుస్తకాన్ని బల్ల మీద నిలబెట్టి వదిలితే దానంతటదే ఒకచోట తెరుచుకుంది, ఎన్నోసార్లు అక్కడే తెరిచిన పుస్తకాలు తెరుచుకున్నట్టు. ఆ పేజీలో అదే బీరువా, అదే ఎత్తు. రెండో సొరుగు ఎడమ మూల, తాళం రంధ్రానికి కొంచెం పైన, ముదురు గోధుమరంగు మరక. మధ్యలో బొట్టు, చుట్టూ ఐదు గీతలు, రెండు మధ్యలో వంగి.

"ఎప్పటిదో జూన్ నెల," అన్నాడు రాయ్స్. "చెరువు దగ్గర క్యాబిన్‌లో ఉన్నాం. హెస్టర్ మెట్ల మీద కూర్చుని ఈ పుస్తకం ఒళ్లో పెట్టుకుని చూస్తోంది. నల్ల ఈగ వచ్చి పేజీ మీద వాలింది. బొటనవేలితో నొక్కేసింది. నొక్కాక ఎంత బాధపడిందో. ఈగ కోసం కాదులే, బొమ్మ కోసం. రొట్టెముక్కతో రుద్దింది, మరక పోలేదు."

ఎల్డన్ పేజీకేసి చూశాడు, బీరువాకేసి చూశాడు, మళ్లీ పేజీకేసి చూశాడు. నేనతన్ని ఎరిగిన ఇన్నేళ్లలో అతని నోటికి మాట అందకపోవడం చూడలేదు. చివరికి వెతికి ఒకటి పట్టుకున్నాడు.

"ఈగకి ఆరు కాళ్లుంటాయి కదా," అన్నాడు.

"ఆరోది హెస్టర్ బొటనవేలికి అంటుకుపోయింది," అన్నాడు రాయ్స్. "నాకు చూపించింది."

ఎల్డన్ కోతలు ఏదో ఒక రోజు ఇలా బయటపడాలని ఎన్నేళ్లుగానో ఎదురుచూసిన మనిషి పెర్ల్. ఆ రోజొచ్చింది. ఆమె భూతద్దం తీసుకుని ఆ నల్ల గుర్తుని మళ్లీ చూసి, "ఈ కాళ్లు ఎంత సన్నగా దించావు ఎల్డన్," అంది. "నా చేత కాదు."

ఎల్డన్ తలొంచుకుని మేజోడుని మడతలు పెట్టడం మొదలుపెట్టాడు.

"బుధవారాలు వచ్చేవాడివి," అన్నాడు రాయ్స్ అతనితో. "రంపాలకి సాన పెడతానని. సాన పెట్టాల్సినన్ని రంపాలు మా ఇంట్లో ఎప్పుడున్నాయిరా? నువ్వు రాగానే హెస్టర్ ఈ పుస్తకం బల్ల మీద తెరిచిపెట్టి, ఓవెన్‌లో కేకు చూసొస్తానని లోపలికి పోయేది. అరగంట దాకా బయటికొచ్చేది కాదు. వంటింట్లో స్టూలు మీద చేతులు కట్టుకుని కూర్చునేది. ఏ బుధవారమూ మా ఇంట్లో కేకు లేదు ఎల్డన్. ఏమిటిదని ఓసారి అడిగాను. అతను అడగలేడు, నేను అక్కడుంటే చూడలేడు అంది."

ఎల్డన్ మేజోడు మడత మళ్లీ విప్పాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి. మేము చూడనట్టు డోనట్ల వైపు చూశాం.

రాయ్స్ వేలితో పేజీ మీద మరకని తాకాడు. "ఈ పెట్టెల్లో ఉన్నవన్నీ అంకెలూ గీతలేనని అనుకున్నాను. తనది అంటూ ఏమీ లేదని," అన్నాడు. తర్వాత అదే వేలితో బుల్లి బీరువా మీద గుర్తుని తాకాడు. ఈసారి నవ్వుతున్నాడని తెలిసింది, కళ్లు తడిగానే ఉన్నా.

రోడ్డు మలుపులో వ్యాను చప్పుడు వినిపించింది. పుస్తకాలు కొనే ఆయన. రాయ్స్ ఆ పెట్టెని కాలితో లోపలి గోడ దాకా తోశాడు.

"పెర్ల్, ఆయనకి మిగతావి చూపించు. ఇది కాదని చెప్పు," అన్నాడు. నీలం పుస్తకంలో ఈగ పేజీ దాటించి తర్వాతి బొమ్మ, ఒక రాతబల్ల, తెరిచి ఎల్డన్ మోకాళ్ల మీద పెట్టాడు. "నేను వెళ్లి కాఫీ పెట్టొస్తాను. కాస్త టైము పడుతుంది."

తెర తలుపు వెనకే మూసుకుంది. ఎల్డన్ మావైపు చూడకుండా చెవి వెనక నుంచి పెన్సిల్ ముక్క తీసి, రాతబల్ల మీదికి వంగాడు.

కాఫీ కూజా బల్ల మీదే ఉంది, నిండుగా, ఇంకా పొగలు వస్తూ. ఆ మాట మేమెవరం అనలేదు.